ముప్ఫై మైళ్ళ కుర్రవాళ్ళు

స్కాట్లండులో ఏదో ఫుట్‌బాల్ క్లబ్బు యూరపు కప్పు గెలిస్తే మనకేమిటి అంటారేమో. కాని ఆ క్లబ్బు మనకు మరీ పరాయిది కాదు. 1936లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం అక్కడికి వెళ్ళి, బూట్లు లేకుండా, కాళ్ళకు గుడ్డపట్టీలు చుట్టుకుని ఆ క్లబ్బు పక్షాన ఆడాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఊరు గ్లాస్గో. క్లబ్బు పేరు సెల్టిక్.

దాని పుట్టుకే నాకు ముచ్చటగా వుంటుంది. ఐర్లండు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన బీదల పిల్లలకు అన్నం పెట్టేందుకు డబ్బు కూడబెట్టాలని, 1887లో వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి దాన్ని స్థాపించాడు.

దేశదేశాల విజేతలు తలపడే యూరోపియన్ కప్పు 1955లో మొదలయింది. సెల్టిక్ అందులో మొదటిసారి దిగింది 1966లో. శిక్షకుడు జాక్ స్టీన్ ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసినవాడు. జూరిక్, నాంట్, వొయివోదినా, డుక్లా ప్రాగ్ జట్లను వరసగా దాటుకుని, 1967 మే 25న లిస్బన్‌లో ఫైనలుకు నిలిచారు.

ఎదుట ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్. 1964లోనూ, 1965లోనూ ఆ కప్పు గెలిచిన ఘనులు. ఒక గోలు కొట్టి, ఆ తరవాత గోడకట్టినట్లు నిలబడిపోవడం వారి విద్య. ఆ పద్ధతికి ఇటలీ భాషలో పేరే 'తలుపు గడియ'! ఏడవ నిమిషంలో పెనాల్టీ గోలు కొట్టి గడియ వేశారు. సెల్టిక్ వాళ్ళు తలుపు బాదుతూనే వున్నారు. 63వ నిమిషంలో గెమ్మెల్ ఒక గోలు, 84వ నిమిషంలో చామర్స్ మరొక గోలు కొట్టారు. 2-1! అంతకుముందు ఏ బ్రిటిష్ క్లబ్బుకూ ఆ కప్పు దక్కలేదు.

అసలు విశేషం యిది: ఆ పదకొండుమందీ గ్లాస్గోకు ముప్ఫై మైళ్ళలోపు పుట్టినవారే! గోల్‌కీపర్ సింప్సన్‌కు 36 ఏళ్ళు. కట్టుడుపళ్ళున్న ఆటగాళ్ళు వాటిని అతని టోపీలో దాచి ఆడారు. ఆట ముగియగానే, ఫోటోలలో బోసినవ్వులు పడతాయని వాటికోసం పరుగెత్తారు.

తరవాత అదృష్టం ముఖం చాటేసింది. 1970లో మిలాన్‌లో హాలండు జట్టు ఫెయనూర్డ్ చేతిలోనూ, 2003లో సెవిల్‌లో యూఫా కప్పు ఫైనలులో పోర్టో చేతిలోనూ, రెండుసార్లూ అదనపు సమయంలోనే ఓడారు. సెవిల్‌కు దాదాపు 80,000 మంది అభిమానులు వెళ్ళారు. ఓడినా వారు చూపిన మర్యాదకు ఫిఫా ఆ ఏడు బహుమతి యిచ్చింది.

ఈనాడు ధనిక క్లబ్బులు ఖండాలు గాలించి ఆటగాళ్ళను కొంటున్నాయి. అందులో తప్పేమీ లేదు. ఆట అందమూ పెరిగింది. అయినా, చుట్టుపక్కల వీధుల పిల్లలు పదకొండుమంది ఖండాన్ని గెలవడం మళ్ళీ చూస్తామా అంటే నాకు నమ్మకం లేదు. ఆశ మాత్రం చావలేదు. 2012 నవంబరులో, క్లబ్బుకు 125 ఏళ్ళు నిండిన వారంలోనే, మెస్సీ వున్న బార్సిలోనాను సెల్టిక్ 2-1తో ఓడించింది. రెండో గోలు కొట్టిన టోనీ వాట్‌కు అప్పటికి 18 ఏళ్ళు. అతడూ ఆ ముప్ఫై మైళ్ళలోపు కుర్రవాడే.