ఏడో నంబరు కర్ర

సావనీర్‌కు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, పాత విద్యార్థిగా హాస్టలు జ్ఞాపకాలు రాద్దామని కూర్చున్నాను. కాని అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్న ఒక సంగతి రాస్తున్నాను. విషయం గోల్ఫ్ కర్రల కొనుగోలు. "డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకులే" అని పేజీ తిప్పబోయే విద్యార్థి మిత్రులు కాస్త ఆగాలి. ఇందులో మన ఫిజిక్స్ ల్యాబు కూడా ఉన్నది.

నేను ఈ ఆట మొదలుపెట్టింది నలభై దాటాక, బ్యాంకు ఉద్యోగంలో ఉండగా, ఒక పెద్దాయన వాడి వదిలేసిన కర్రలతో. (గోల్ఫ్‌లో కర్రనూ క్లబ్బే అంటారు, ఆడుకొనే సంఘాన్నీ క్లబ్బే అంటారు. గందరగోళం లేకుండా నేను కర్ర అనే రాస్తాను.) సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదని నియమం. వాటిలో సగానికి పైగా ఐరన్లే. నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, దాని మొహం ఆకాశం వైపు వాలుతుంది. ఈ వాలునే లాఫ్ట్ అంటారు. ఒక్కో నంబరుకు సుమారు నాలుగు డిగ్రీల తేడా, దూరంలో పది గజాల తేడా. అంటే ఐరన్ల సెట్టు ఒక కొలబద్ద లాంటిది. ఏ నంబరుతో బంతి ఎంత దూరం పోతుందో తెలియడమే అసలు విద్య.

పాతవి అరిగిపోయాయి. ఊళ్ళో ఒక దుకాణానికి వెళ్ళాను. లోపల చాప పరిచి, ఎదురుగా వల కట్టి, బంతి వేగాన్ని కొలిచే యంత్రం పెట్టారు. కొత్త సెట్టులో ఏడో నంబరు ఇచ్చి కొట్టమన్నారు. నా పాత ఏడో నంబరు కన్నా పదిహేను గజాలు ఎక్కువ చూపించింది తెర. యాభై దాటినవాడికి పదిహేను గజాలు ఊరికే వస్తే బుద్ధి ఎక్కడ పనిచేస్తుంది? మా అమ్మాయి హాస్టలు ఫీజు ఒక ఏడాదికి సరిపడే డబ్బు అక్కడే కట్టేశాను. మా ఆవిడ అన్న మాట ఇప్పటికీ గుర్తే: "గ్రైండరు కొనడానికి నాలుగు షాపులు తిప్పారు. ఈ ఇనుప కర్రలకి ఒక్క షాపు చాలిందా?"

నెల తిరక్కుండానే గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో అసలు కథ బయటపడింది. బంతి గ్రీన్ మీద పడుతుంది, ఆగదు, దొర్లుకుంటూ వెనక్కి పోతుంది. రెండు మూడు వారాలు నా చేతినే తిట్టుకొన్నాను. చివరికి ఎన్నో ఏళ్ళుగా బ్యాగులు మోస్తున్న మా క్యాడీ అన్న చెప్పాడు: "సార్, బాల్ దూరం పోతున్నది గని ఆగుతలేదు. గిది ఏడో నంబర్ కాదు సార్, మీ పాత అయిదో నంబరే."

లాఫ్ట్ కొలిపించి చూస్తే అతని మాట అక్షరాలా నిజం. పాత ఏడో నంబరు 36 డిగ్రీలు, కొత్తది 28. నాలుగేసి డిగ్రీల లెక్కన సరిగ్గా పాత అయిదో నంబరు. పైగా పిడి కూడా పొడుగు. కర్ర మారలేదు, దాని మీద అంకె మారింది. ఆ అంకెకే నేను మురిసిపోయాను.

తయారీదారులది పూర్తిగా మోసమని అనను. తల అడుగున బరువు పెడితే గురుత్వకేంద్రం కిందికి దిగి బంతి సులువుగా పైకి లేస్తుంది. అందుకని లాఫ్ట్ తగ్గించవచ్చునని వారి వాదన. చేతివేగం ఉన్నవారికి అది చెల్లుతుంది. నా వేగానికి బంతి చదునుగా వచ్చి పడుతున్నది. గ్రీన్ మీద నిలవాలంటే దాదాపు 45 డిగ్రీల కోణంలో దిగాలి. ఇంకో చిక్కు కూడా ఉన్నది. ఇలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకే ఆగిపోతుంది. తర్వాతి శాండ్ వెడ్జ్ 56. మధ్యలో ఖాళీ పూడ్చడానికి ఇంకో కర్ర కొనాలి.

ఆ సెట్టును సగం ధరకు అమ్మి, రెండోసారి ల్యాబులో ప్రాక్టికల్ చేసినట్టే చేశాను. ఇద్దరు మిత్రుల సెట్లు అరువు తెచ్చాను, మరొకటి డెమో కోసం పెట్టినది. చాప మీద కాదు, గడ్డి మీదే కొట్టాను. చాప మీద కర్ర బంతికి వెనకే నేలను తాకినా జారి ముందుకు పోతుంది, మన తప్పు కనిపించదు. గడ్డి మీద మట్టి లేచి నిజం చెప్పేస్తుంది. రేంజిలోని అరిగిన బంతులు వదిలి, కోర్సులో ఆడే ఒకే రకం బంతులు డజను తీసుకొన్నాను. మొదటి సెట్టుతో ఐదు, రెండో సెట్టుతో ఐదు, మళ్ళీ రెండోది, మళ్ళీ మొదటిది. ఒకటే వరుసలో పోతే చివర వచ్చినదానికి మన అలసట అంటుకొంటుంది. నంబరు చూడలేదు, లాఫ్ట్ దగ్గరగా ఉన్న కర్రలనే పోల్చాను. అన్నిటికన్నా కష్టమైనది, చెడ్డ దెబ్బలను కూడా పుస్తకంలో రాయడం. "ఇది లెక్కలోకి రాదులే" అని చెయ్యి వెనక్కి లాగుతుంది. కోర్సులో అదే లెక్కలోకి వస్తుంది మరి.

అక్కడే సెట్ల మధ్య తేడా తెలిసింది. తెల్లబోర్డు మార్కరుతో కర్ర మొహానికి రంగు పూస్తే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. నా దెబ్బల్లో మధ్యన తగిలేవి తక్కువే. పలచటి బ్లేడుతో అంచున తగిలిన బంతి చాలా వెనకే పడిపోయింది. వీపు తొలిచిన క్యావిటీ బ్యాక్‌తో అంతగా వెనకబడలేదు. కారణం ఫస్టియర్ పాఠమే: బరువును అంచులకు జరిపితే జడత్వ భ్రామకం పెరుగుతుంది, తల తక్కువ మెలితిరుగుతుంది. పింగ్ కంపెనీ పెట్టిన ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ సూత్రంతోనే పేరు తెచ్చుకొన్నాడు.

బంతి వెనక నిలువుగా గీత గీసి కొడితే ఆ గీత కర్ర మొహం మీద అచ్చు పడుతుంది. అది నిటారుగా ఉంటే కర్ర నిలబడే కోణం మనకు సరిపోయినట్టు. నాది వాలింది. నా బంతులు ఎడమకు పోవడానికి అదీ ఒక కారణమట. మెత్తటి కార్బన్ స్టీల్‌తో కొట్టి చేసిన తలను ఒకటి రెండు డిగ్రీలు సులువుగా వంచవచ్చు, పోత పోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ అంత తేలిగ్గా వంగదు.

పిడి దగ్గర మాత్రం నా ప్రయోగం తప్పింది. ఒక మిత్రుడిది స్టీలు, రెండో ఆయనది గ్రాఫైటు. తల, పిడి రెండూ ఒకేసారి మారిపోతే ఏది ఏం చేసిందో చెప్పలేం. మా ప్రాక్టికల్స్ మాస్టారైతే రికార్డు విసిరికొట్టేవారు. ఒకే తలకు రెండు పిడులు దొరికేదాకా ఇంకో నెల ఆగాను. చివరికి తేలిక గ్రాఫైటే నా మోచేతికి హాయిగా ఉన్నది. దూరం మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు.

కొన్నది సాదా క్యావిటీ బ్యాక్ సెట్టు, ఏడో నంబరు 33 డిగ్రీలు. దుకాణం తెర మీద అది ఎవరినీ అబ్బురపరచదు. మొదటి రోజు మూడో గ్రీన్ మీద బంతి రెండు గెంతులు వేసి ఆగింది. క్యాడీ అన్న ఏమీ అనలేదు, జెండా తీసి పక్కకు నిలబడ్డాడు. అప్పటికి మూడేళ్ళు. ఈ ఎండాకాలం గ్రిప్పులు మార్పించాలి.