తారు వద్దన్న తెల్ల బాటలు

ఊరికి తారు రోడ్డు కావాలని మనం అర్జీలు పెట్టుకుంటాం. ఎన్నికలొస్తే నాయకుల్ని ముందుగా అడిగేది కూడా అదే. ఇటలీ దేశంలో ఒకచోట ఇందుకు పూర్తి ఎదురు కథ నడిచింది. ఉన్న కంకర బాటలమీద తారు పొయ్యొద్దని పట్టుబట్టారు. వాటిని కాపాడుకోవడానికి పాత సైకిళ్లు బయటికి తీశారు.

ఆ ప్రాంతం పేరు కియాంటి. టస్కనీలో ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య ఉంటుంది. ఎటు చూసినా మిట్టపల్లాలే. గుట్టల వాలున ద్రాక్ష తోటలు, నూనెకాయలు కాసే ఆలివ్ చెట్లు, మధ్యమధ్య అడవి. గుట్టల మీద విడివిడిగా రాతి ఇళ్లు. ఆ ఇళ్లను కలుపుతూ మెలికలు తిరిగి పోయేవే ఈ బాటలు. సున్నపురాయి కంకర పరిచినవి కాబట్టి ఎండలో తెల్లగా మెరుస్తాయి. అక్కడివాళ్లు ‘స్త్రాదె బియాంకె’ అంటారు. తెల్ల రోడ్లు అని అర్థం. వీటిమీద కార్లు, లారీల రద్దీ ఉండదు. సైకిలు తొక్కేవాళ్లకు కావలసిందీ అదే.

సగపాలు రైతుల దారి

ఈ బాటలు షికార్లకు వేసినవి కావు. వందల ఏళ్లు ఆ గుట్టల్లో సేద్యమంతా సగపాలుకే సాగింది. భూమీ, ఇల్లూ యజమానివి. చాకిరీ రైతు కుటుంబానిది. పంటలో సగం యజమానికి కొలవాలి. పాలు రైతులు మనలాగా ఊళ్లో కాక, చేసుకునే చేనులోనే కాపురం ఉండేవారు. అందుకే ఇంటింటికీ ఒక బండ్ల బాట అవసరమైంది. కియానినా అనే జాతి ఎద్దులు ఆ బండ్లు లాగేవి. మన ఒంగోలు గిత్తల్లా తెల్లటి భారీ పశువులు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రకారు ఫ్యాక్టరీ పనులకు పట్నాల దారి పట్టారు. 1964లో ప్రభుత్వం చట్టం చేసి కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోవడాన్ని నిషేధించింది. ఉన్న ఒప్పందాల్లో రైతు వాటాను 58 శాతానికి పెంచింది. మంచి చట్టమే, కానీ అప్పటికే చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి.

మనుషులు తిరగని బాట ఏమవుతుందో మన రైతులకు చెప్పక్కర్లేదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఏటా జానెడు కలుపుకుంటూ పోతే పదేళ్లకు డొంక కాస్తా కాలిబాట అవుతుంది. అక్కడ మాత్రం భయం తారుతోనే వచ్చింది.

92 మందితో మొదలు

గయోలె అనే చిన్న ఊరుంది. జనాభా మూడు వేలకు లోపే. 1997లో జాంకార్లో బ్రోచి అనే ఆయన అక్కడ ‘ఎరోయికా’ పేరుతో ఒక సైకిల్ యాత్ర పెట్టాడు. మొదటి ఏడు వచ్చింది 92 మంది. ఇది పందెం కాదు. 1987కి ముందు నాటి తరహా సైకిలే ఉండాలి. గేరు మార్చే మీట ఫ్రేము మీద, బ్రేకు తీగలు హ్యాండిల్ బయట ఉండే రకం. దారులు పొట్టివీ, పొడుగువీ ఉన్నాయి. అన్నిటికంటే పొడుగు దారి 209 కిలోమీటర్లు.

మధ్యలో ఆగే చోట పెట్టే తిండి చెబితే నవ్వొస్తుంది. గట్టిపడిన రొట్టె, చిక్కుడు గింజలు, క్యాబేజీ జాతి ముదురాకు వేసి ఉడికించిన చిక్కటి పులుసు. పేరు ‘రిబొల్లీత’, మళ్లీ ఉడికించింది అని అర్థం. ఒకప్పటి పాలు రైతుల సద్ది తిండి అది. ఇప్పుడు దేశదేశాలనుంచి వేలమంది వచ్చి దాన్నే ఇష్టంగా తింటున్నారు.

ఆ పొడుగు దారికి తర్వాత బోర్డులు నాటారు. ఏడాదంతా ఎవరైనా తొక్కవచ్చు. 2007లో పేరుమోసిన ఆటగాళ్ల పందెం కూడా మొదలైంది. ఇప్పుడు మార్చిలో జరుగుతుంది, సియెనా నడిబొడ్డున ముగుస్తుంది. పందెం పేరే ‘స్త్రాదె బియాంకె’. బాటకు అంత పేరొచ్చాక దానిమీద తారు పొయ్యడమంటే ఊరి సంపాదనకు ఊరే గండి కొట్టుకోవడం.

రైతుకేం మిగులుతుంది?

కారు ఊరు దాటిపోవడానికి నిమిషం చాలు. కంకర ఎత్తు మీద సైకిలు నడక వేగంతో పోతుంది. తొక్కేవాడికి నీళ్లు కావాలి, తిండి కావాలి, పొద్దుగూకితే మంచం కావాలి. ఇవి అమ్ముకోవడానికి రైతుకు చట్టం అండ ఉంది. 1985లోనే ఇటలీ ‘అగ్రితురిజ్మో’ చట్టం తెచ్చింది. రైతు తన ఇంట్లో అతిథులకు గది ఇవ్వవచ్చు, భోజనం పెట్టవచ్చు. అయితే ప్రధాన వృత్తి సేద్యమే కావాలి. 2006లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ షరతు ఉంది. వడ్డించే దాంట్లో ఎక్కువ భాగం సొంత పంట, చుట్టుపక్కల పంటే అయి ఉండాలి. పేరుకు రైతు, పనికి హోటలు అంటే కుదరదు. ఈ కథ మొత్తంలో మనవాళ్లు గట్టిగా పట్టుకోవలసింది ఈ షరతునే అనిపిస్తుంది. ద్రాక్ష సారా, ఆలివ్ నూనె దళారి లేకుండా ఇంటి గుమ్మంలోనే అమ్ముడవుతాయి.

అంతా బాగుందని కాదు. తాళాలు పడ్డ రాతి ఇళ్లను పట్నంవాళ్లు, విదేశీయులు చాలావరకు కొనేశారు. తరతరాలు ఆ భూమి దున్నిన కుటుంబాల్లో అందరికీ అతిథి సొమ్ము అందడం లేదు. వేసవిలో దుమ్ము. సియెనాకు ఆగ్నేయాన నేల బంకమన్ను, వాన పడితే జారుడు. మనకు పాల వ్యాను, అంబులెన్సు వచ్చే దారి తారుదే కావాలి, అందులో మాటే లేదు. అక్కడా పెద్ద రోడ్లు తారువే. చేలకు పోయే బాటలే తెల్లవి.

వాటిని నిలబెట్టడం ఖర్చులేని పనీ కాదు. కంకర బాటకు శత్రువు చక్రం కంటే నీరు. నడుమ ఎత్తు, అంచులు వాలు ఉండాలి. పక్క కాలువలు పూడకుండా చూడాలి. బాగా ఏటవాలుగా ఉన్నచోట నీరు బాట పొడవునా పరుగెత్తి గాడి కొయ్యకముందే అడ్డంగా మళ్లించి పక్కకు తోలాలి. చిన్న గుంత కనిపించినప్పుడే కంకర వేసి దిమ్మిస కొడితే సరి, ఒక్క వానాకాలం వదిలేస్తే గ్రేడరు రావలసిందే.