వందే భారత్ టికెట్ ముందే కొంటే చవకా? ఒక్క రోజు లెక్క తప్పి నేను నేర్చుకున్నది

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళడానికి నాకూ మా చెల్లికీ కలిపి బస్సుకి 5,800 రూపాయలు అయ్యింది. అదే రోజు సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి వందే భారత్ చైర్ కార్‌లో వెళ్ళుంటే ఇద్దరికీ మూడు వేల లోపే. టికెట్లు దొరకలేదా అంటే, దొరకాల్సిన రోజు దొరికేవే. నేనే ఒక రోజు లేటుగా లాగిన్ అయ్యా. రోజూ కోడ్ రాసేవాడిని, ఆఫ్ బై వన్ ఎర్రర్ చేశానన్నమాట. అదెలాగో కింద చెప్తా. దానికంటే ముందు ఒక పెద్ద అపోహ గురించి మాట్లాడుకోవాలి.

మా ఊరు అమలాపురం. మా వీధిలో ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఆయ్, ఫ్లయిట్‌లాగే అండి, ముందు కొంటే తక్కువకొస్తది." విమానం విషయంలో అది చాలావరకు నిజం. మధురపూడి ఎయిర్‌పోర్ట్‌కి హైదరాబాద్ నుంచి ఫ్లయిట్ రేటు రోజుకోలా ఉంటుంది. వందే భారత్ విషయంలో మాత్రం కాదు. అరవై రోజుల ముందు కొన్నా, ముందు రోజు రాత్రి మామూలు కోటాలో కొన్నా ఛార్జీ ఒకటే. ముందే కొంటే మీకు దొరికేది డిస్కౌంట్ కాదు, సీటు. ఈ తేడా తెలిస్తే డబ్బులు నిజంగా ఎక్కడ ఆదా చేయొచ్చో కనిపిస్తుంది.

రేటు మారే రైళ్ళు, మారని రైళ్ళు

మన దగ్గర డిమాండ్‌ని బట్టి రేటు పెరిగే రైళ్ళు లేవని కాదు. 2016 సెప్టెంబర్ 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ ఫేర్ పెట్టారు. ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడయ్యే కొద్దీ బేస్ ఛార్జీ 10 శాతం చొప్పున పెరుగుతుంది. మొదట్లో ఒకటిన్నర రెట్ల దాకా వెళ్ళేది, తర్వాత ఆ పరిమితిని 1.4 రెట్లకి తగ్గించారు. అంటే ఈ మూడు రకాల్లో మాత్రం ముందు కొన్నవాడికి నిజంగానే తక్కువ పడుతుంది. వందే భారత్‌కి ఈ పద్ధతి లేదు, ఫిక్స్‌డ్ ఛార్జీ.

బయట దేశాల హైస్పీడ్ రైళ్ళ వీడియోలు చూసి కూడా చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. జర్మనీలో ఎమ్మెస్ చేసే మనవాళ్ళకి ఐసీఈ రైలులో 'సూపర్ స్పార్‌ప్రైస్' టికెట్ ముందే తీసుకుంటే చాలా తక్కువకి వస్తుంది. కానీ అది ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది, క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు. స్పెయిన్‌లో 2021 నుంచి ఒకే ట్రాక్ మీద వేరే కంపెనీల రైళ్ళు పోటీకి వచ్చి రేట్లు తగ్గాయి. జపాన్ షింకాన్‌సెన్‌లో కూడా ముందస్తు కొనుగోలుకి తగ్గింపు స్కీములున్నాయి. ఆ ట్రిక్కులు ఇక్కడ పనిచేయవు. అయినా మనది హైస్పీడ్ కూడా కాదు, సెమీ హైస్పీడ్. విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ మొదలైనప్పటి టైమింగ్ చూస్తే 699 కిలోమీటర్లకి ఎనిమిదిన్నర గంటలు, సగటున గంటకి 82 కిలోమీటర్లు. అసలు హైస్పీడ్ అంటే ముంబై–అహ్మదాబాద్ లైన్ పూర్తయ్యాక చూడాలి.

ఛార్జీలో ఏమేం ఉంటాయి

2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి రోజు, ఈ రైలు ప్రారంభమైనప్పుడు సికింద్రాబాద్ నుంచి విశాఖకి చైర్ కార్ 1,665 రూపాయలు. దాన్ని విడదీస్తే బేస్ 1,207, రిజర్వేషన్ 40, సూపర్‌ఫాస్ట్ 45, జీఎస్టీ 65, క్యాటరింగ్ 308. అటు నుంచి ఇటు వస్తే 1,720. దూరం అదే, ట్రాక్ అదే, తేడా అంతా తిండిదే.

ఆ 308 ఐచ్ఛికం. బుక్ చేసేటప్పుడు ఫుడ్ ఆప్షన్ దగ్గర 'నో ఫుడ్' పెడితే ఆ మొత్తం ఛార్జీలోంచి పోతుంది. చాలామంది ఆ డ్రాప్‌డౌన్‌ని చూడకుండానే వెజ్ నొక్కేసి ముందుకెళ్ళిపోతారు. నా మటుకు నేను ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకునే రకం కాబట్టి నాకు ఇదే పెద్ద డిస్కౌంట్. ఇద్దరు రానూపోనూ ఎక్కితే నాలుగు టికెట్లు, లెక్కేసుకోండి.

పై అంకెలు ప్రారంభంలోవి. 2025 జులైలో ఒకసారి, డిసెంబర్ 26 నుంచి ఇంకోసారి ఛార్జీలు పెరిగాయి, ఏసీ క్లాసులకి కిలోమీటరుకి 2 పైసల చొప్పున. రాజమండ్రి దాకా సుమారు 500 కిలోమీటర్లు అనుకుంటే ఒక్కో పెంపుకి పది రూపాయలు. ముందే టికెట్ తీసుకున్నవాళ్ళ దగ్గర ఈ తేడా వసూలు చేయలేదు. కాబట్టి నవంబర్‌లోనే సంక్రాంతి టికెట్ కొన్నవాళ్ళకి 'అడ్వాన్స్ బుకింగ్ లాభం' వచ్చింది: అక్షరాలా పది రూపాయలు.

యాప్‌లో కట్టేటప్పుడు ఇంకో చిన్న విషయం. ఏసీ టికెట్‌కి కన్వీనియన్స్ ఫీజు కార్డుతో కడితే 30, యూపీఐతో కడితే 20, పైన జీఎస్టీ. పది రూపాయలే, కానీ ఏ కష్టమూ లేకుండా వచ్చేవి.

నా ఆఫ్ బై వన్

2024 నవంబర్ 1 నుంచి అడ్వాన్స్ రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. రూల్‌లో ఒక మాట ఉంది: ప్రయాణం రోజుని మినహాయించి 60 రోజులు. నేను వెళ్ళాల్సింది 2026 జనవరి 10, శనివారం. నేను జనవరి 10ని ఒకటో రోజుగా పెట్టి వెనక్కి లెక్కేశా. నవంబర్ 12 వచ్చింది. అసలు ఓపెన్ అయ్యింది 11న. పన్నెండో తారీఖు పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, వైఫై చెక్ చేసుకుని, ఎనిమిదింటికి సెర్చ్ కొడితే వెయిటింగ్ లిస్ట్. చైర్ కార్‌లో ఆర్‌ఏసీ కూడా ఉండదు. కన్ఫర్మ్ అయితే ఎక్కుతాం, లేదంటే చార్ట్ తయారయ్యాక ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్ దానంతట అదే క్యాన్సిల్ అయిపోయి డబ్బులు వెనక్కొస్తాయి. నాకు డబ్బులే వచ్చాయి.

చేత్తో లెక్కపెట్టకండి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రయాణం తేదీలోంచి 60 తీసేయండి, అంతే. ఇంకో మెలిక: ఈ 60 రోజులు లెక్కపెట్టేది రైలు బయల్దేరే మొదటి స్టేషన్ తేదీ నుంచి. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చే రైలు మీ స్టేషన్‌కి మర్నాడు చేరేదైతే, మీ టికెట్ మీరనుకున్న దానికంటే ఒక రోజు ముందే ఓపెన్ అయిపోతుంది. వందే భారత్ పగటి రైలు కాబట్టి దీనికి ఆ గొడవ లేదు.

ఎనిమిది గంటలకి ఏం జరుగుతుంది

ఈ సైట్‌లో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న: ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఉంటే టికెట్ త్వరగా దొరుకుతుందా? లేదు. ప్రాసెసర్ స్పీడ్, 120 హెర్ట్జ్ స్క్రీన్ ఇక్కడ ఏం చేయవు. పని జరిగేది అవతలి సర్వర్‌లో. 2025 మే 22న ఉదయం 10 గంటలకి ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్ అయ్యాయని రైల్వే శాఖ ప్రకటించింది. తత్కాల్ మొదలైన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్‌లవేనని, అనుమానాస్పదమైన రెండున్నర కోట్ల ఐడీలని ఆపేశామని కూడా చెప్పింది. మనం పోటీ పడుతున్నది పక్కింటి వాళ్ళతో కాదు, స్క్రిప్టులతో.

అందుకే ఆధార్ వచ్చింది. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ వెరిఫై చేసిన అకౌంటే ఉండాలి. ఏజెంట్లకి మొదటి అరగంట అవకాశం లేదు. అక్టోబర్ 1 నుంచి మామూలు రిజర్వేషన్ ఓపెనింగ్‌లో కూడా మొదటి 15 నిమిషాలు ఆధార్ అకౌంట్లకే ఇచ్చి, తర్వాత ఆ సమయాన్ని ఇంకా పెంచుకుంటూ వెళ్ళారు. బాట్‌లు పూర్తిగా పోయాయని నేను అనను, కానీ మామూలు మనిషికి ఛాన్స్ పెరిగింది. మీ అకౌంట్ ఇంకా వెరిఫై కాకపోతే ఈ ఆర్టికల్ ఆపి ముందు ఆ పని చేయండి. ఓపెనింగ్ రోజు పొద్దున్న 7:58కి ఓటీపీ కోసం ఎదురు చూడటం కంటే నరకం లేదు.

మిగతావి చిన్నవే. ప్రయాణికుల పేర్లు, వయసు మాస్టర్ లిస్ట్‌లో ముందే సేవ్ చేసుకుంటే టైపింగ్ తప్పుతుంది. చూడాల్సింది మీ ఫోన్ గడియారం కాదు, వెబ్‌సైట్ పైన కనిపించే సర్వర్ టైమ్. పేమెంట్ దగ్గర బ్యాంక్ పేజీకి వెళ్ళి రావడం కంటే ఈ-వాలెట్‌లో ముందే డబ్బు వేసి ఉంచితే ఒక అడుగు తగ్గుతుంది. 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో పాత ఐఆర్‌సీటీసీ లాగిన్‌తోనే బుక్ చేసుకోవచ్చు. నేను మాత్రం ఆ మొదటి నిమిషానికి ఇప్పటికీ ల్యాప్‌టాప్‌నే నమ్ముతా, క్యాప్చా కీబోర్డు మీద వేగంగా కొట్టగలను కాబట్టి. టెలిగ్రామ్‌లో 'తత్కాల్ సాఫ్ట్‌వేర్' అని అమ్మేవాటి జోలికి పోకండి. మీ పాస్‌వర్డ్, ఆధార్, పేమెంట్ వివరాలు అన్నీ వాడి చేతిలో పెట్టినట్టే. దాంతో టికెట్లు కొట్టి అమ్మితే రైల్వే చట్టం సెక్షన్ 143 కింద జైలు కూడా ఉంది.

సీటు దొరకకపోతే ఏది చవక

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. చైర్ కార్‌లో తత్కాల్ ఛార్జీ బేస్ మీద 30 శాతం, అయితే కనీసం 125, ఎక్కువలో ఎక్కువ 225 రూపాయలు. అంటే తత్కాల్ దొరికితే మీ నష్టం 225కి మించదు. భయపడాల్సింది ప్రీమియం తత్కాల్‌కి, దాని రేటు డిమాండ్‌తో పాటు పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో దారి, రాజమండ్రికి వెయిటింగ్ చూపిస్తుంటే అదే రైలులో విశాఖ దాకా చూడండి. కోటాలు వేరుగా ఉండటం వల్ల అక్కడ సీట్లు ఉండొచ్చు. విశాఖకి కొని రాజమండ్రిలో దిగిపోవడం తప్పు కాదు. ప్రారంభ ఛార్జీల్లో రాజమండ్రికి 1,365, విశాఖకి 1,665. తేడా 300. తత్కాల్ 225 కంటే 75 ఎక్కువే, కానీ రెండు నెలల ముందే కన్ఫర్మ్ అయిపోయిన సీటు అది. తత్కాల్ అంటే ముందు రోజు పదింటికి వేసే పాచిక. నేను జనవరి 9న వేసి ఓడిపోయా. పేమెంట్ పేజీ తిరుగుతూ తిరుగుతూ ఉండగానే సీట్లు అయిపోయాయి. నవంబర్ 12న ఆ 300 గుర్తొచ్చి ఉంటే బస్సు 5,800 ఉండేది కాదు.

రాజమండ్రి తర్వాత

అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి–నర్సాపురం లైన్ 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది, మూడు గోదావరి పాయలు దాటాలి, ఇంకా పూర్తి కాలేదు. నా వయసూ ఆ లైను వయసూ దగ్గర దగ్గరే. కాబట్టి వందే భారత్ టికెట్ రేటుకి రావులపాలెం మీదుగా అరవై కిలోమీటర్ల పైన ఉన్న ప్రయాణం కూడా కలపాలి.

మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో బయల్దేరే రైలు రాజమండ్రికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. పండగ రోజుల్లో ఆ టైమ్‌కి లగేజీతో బస్సు కోసం నిలబడి, చివరికి కారు మాట్లాడుకుంటే రైల్లో ఆదా చేసిందంతా అక్కడే పోతుంది. 2024 మార్చిలో మొదలైన రెండో వందే భారత్ సికింద్రాబాద్‌లో ఉదయం ఐదు దాటాక బయల్దేరుతుంది. పగలే రాజమండ్రిలో దిగి ఆర్టీసీ బస్సు ఎక్కి, భోజనానికి కాస్త లేటయినా ఇంట్లో ఉంటాం. తెల్లారుజామున స్టేషన్‌కి చేరడం కష్టమే, అయినా నా ఓటు దానికే. రెండు రైళ్ళకీ వారంలో ఒక్కో రోజు సెలవు ఉంటుంది, ఆ రోజు మారుతుంటుంది కూడా. తేదీ అనుకునే ముందే చూసుకోండి.

చెన్నైలో పనిచేసే రాజోలు వైపు వాళ్ళకి ఇంకో మంచి మాట. చెన్నై–విజయవాడ వందే భారత్‌ని గుడివాడ, భీమవరం మీదుగా నర్సాపురం దాకా పొడిగించారు. అక్కడ దిగితే గోదావరికి ఇటు ఒడ్డున సఖినేటిపల్లి.

నిజాయితీగా చెప్పాలంటే డబ్బులే ముఖ్యమైతే వందే భారత్ అసలు ఎక్కకండి. గౌతమిలో స్లీపర్‌కి మూడొందల పైచిలుకుతో రాత్రి పడుకుని పొద్దున రాజమండ్రిలో లేస్తాం. దానికీ అదే 60 రోజుల లెక్క, అదే ఎనిమిది గంటలు, పోటీ ఇంకా ఎక్కువ.

నేను ఈసారి దసరాకి వెళ్తున్నా. అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసి మూడేళ్ళయ్యింది. 2026లో విజయదశమి అక్టోబర్ 20. నేను బయల్దేరేది 17, శనివారం. దాంట్లోంచి 60 తీసేస్తే ఆగస్టు 18, మంగళవారం. ఈసారి చెల్లితో కూడా విడిగా లెక్క వేయించా, తనకీ 18 వచ్చింది. ఆ రోజు పొద్దున్న మీటింగ్ పెట్టొద్దని మా టీమ్‌కి ఇప్పుడే చెప్పేశా.