వగరు – మన మెదడు



మేము ఈ హాస్టల్లో పదో తరగతి చదివేటప్పుడు, పరీక్షలకు ముందు గదిలో ఉన్నవాళ్లందరం కాస్మెటిక్ చార్జీల డబ్బులు పోగుచేసి, జ్ఞాపకశక్తి పెంచుతుందన్న ఒక టానిక్ సీసా కొన్నాం. రోజూ రాత్రి చెంచాడు చొప్పున పంచుకుని తాగాం. ఆ నెలలోనే మాలో ఒకమ్మాయి ఉదయం ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. రాత్రి భోజనం కాగానే, స్టడీ అవర్లో నిద్ర రాకుండా ఉండటానికి బడ్డీ నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న టీతో ఆ మాత్రను మేమే దగ్గరుండి మింగించేవాళ్లం. మేలు చేస్తున్నామనే అనుకున్నాం.

మా నాన్నలు కొందరు పోర్టులో కలాసీలు, కొందరు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్లు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. అందుకే ఏది మందో, ఏది మోసమో చెప్పే పెద్దదిక్కు ఇంట్లో ఉండేది కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాక మేము తెలుసుకున్నది మీకు ముందే చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

వగరు అంటే ఏమిటి?

నేరేడు పండు తింటే నాలుక పొడిబారి పట్టేసినట్టు ఉంటుంది. పచ్చి ఉసిరికాయ, డికాక్షన్ ఎక్కువైన టీ కూడా అంతే. ఆరు రుచుల్లో ఒకటైన ఈ వగరుకు ముఖ్య కారణం పాలీఫినాల్స్ అనే పదార్థాలు. ఆరు కార్బన్ల వలయానికి ఓహెచ్ గుంపు అంటుకుని ఉంటే ఫినాల్ అంటారు. అలాంటివి అనేకం ఉన్నది పాలీఫినాల్. మొక్కలు పురుగుల నుంచి, తెగుళ్ల నుంచి, ఎండ నుంచి తమను కాపాడుకోవడానికి వీటిని తయారు చేసుకుంటాయి. ఇప్పటికి 8,000కు పైగా రకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిలో టానిన్లు అనే రకం మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. నాలుక పట్టేసినట్టు ఉండేది అందుకే. ఈ పట్టుకునే గుణాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

అన్ని పాలీఫినాల్స్ వగరుగా ఉండవు. ఉల్లిపాయలో క్వెర్సెటిన్, పసుపులో కర్కుమిన్, అరకు కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లం, నేరేడు పండుకు ఆ రంగునిచ్చే ఆంథోసయానిన్లు, ఇవన్నీ ఆ కుటుంబమే. చోళ్ల పైపొరలో, వేరుశనగ గుళ్ల ఎర్రటి పొట్టులో కూడా ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశంలోని 528 ఆహారాలను పరీక్షించి వెలువరించిన పట్టికల్లో పాలీఫినాల్స్ లెక్కలు కూడా ఉన్నాయి. అంటే ఇది ఎక్కడో విదేశీ పండ్లలో దొరికే వస్తువు కాదు. పూర్ణా మార్కెట్లో, రైతుబజారులో దొరికేదే.

మెదడుకు ఏం చేస్తాయి?

మన శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే. కాని మనం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఇంత శక్తి మండేచోట ఆక్సీకరణం వల్ల కణాలు దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. సముద్రపు గాలికి మన ఊళ్లో కిటికీ ఊచలు తుప్పు పట్టడం మీరు చూసే ఉంటారు. పాలీఫినాల్స్ మెదడుకు తుప్పు పట్టకుండా వేసే రంగులాంటివని పూర్వం అనుకునేవారు.

ఇప్పుడు శాస్త్రం అంత సులువుగా చెప్పడం లేదు. మనం తిన్న పాలీఫినాల్స్‌లో చాలా తక్కువ భాగమే చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. ఎక్కువ భాగం పెద్దపేగుకు వెళితే, అక్కడి సూక్ష్మజీవులు వాటిని చిన్న చిన్న ముక్కలుగా విడగొడతాయి. ఈ ముక్కలు రక్తనాళాలు చక్కగా వ్యాకోచించడానికి, లోపలి వాపును తగ్గించడానికి తోడ్పడతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. రక్తం బాగా అందితే మెదడు బాగా పనిచేస్తుంది.

మరి జ్ఞాపకశక్తి పెరుగుతుందా? అమెరికాలో వృద్ధులకు మూడేళ్లపాటు రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ ఇచ్చి చూశారు. 2022లో వెలువడిన ఫలితంలో, 2,262 మందిని చూస్తే మొత్తం మీద ప్రయోజనం కనిపించలేదు. 2023లో మరో 3,562 మంది ఫలితం వచ్చింది. అందులోనూ అందరికీ మేలు జరగలేదు గాని, సరైన తిండి లేక ఫ్లావనాల్స్ తక్కువగా అందుతున్నవారిలో జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది. దీని అర్థం ఒక్కటే. కొరత ఉంటే అది తీరడం మంచిది. కడుపు నిండిన తరువాత ఇంకా పోస్తే ఉపయోగం లేదు. పైగా ఇవి వృద్ధుల మీద చేసిన పరిశోధనలు. వీటిని చూపించి పదో తరగతి పిల్లలకు మార్కులు వస్తాయని ఎవరైనా సీసా అమ్మితే నమ్మకండి.

పసుపు సంగతీ అంతే. పాడేరు పసుపు మంచిదే. మిరియాలతో కలిపితే కర్కుమిన్ రక్తంలోకి 20 రెట్లు ఎక్కువగా చేరిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. మన చారులో ఆ రెండూ ఉన్నాయి. కాని మతిమరుపు వ్యాధి ఉన్నవారికి కర్కుమిన్ ఇచ్చిన 2012 నాటి పరిశోధనలో గుణం కనిపించలేదు. పసుపు మాత్రలు మింగి కాలేయం దెబ్బతిన్నవారి కేసులు అమెరికాలో నమోదయ్యాయి. కూరలో పసుపు వేరు, సీసాలో మాత్ర వేరు.

వగరుకు రెండో ముఖం

ఇప్పుడు ఆ పట్టుకునే గుణం దగ్గరకు వద్దాం. టీలోని పాలీఫినాల్స్ నాలుక మీద ప్రొటీన్లను పట్టుకున్నట్టే, పేగులో ఇనుమునూ పట్టుకుంటాయి. పట్టుబడిన ఇనుము రక్తంలోకి వెళ్లకుండా బయటికి పోతుంది. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో రొట్టెతోపాటు టీ తాగినవారిలో ఇనుము గ్రహించడం 79 నుంచి 94 శాతం దాకా తగ్గింది. మా స్నేహితురాలి మాత్రకు మేము చేసింది అదే.

ఇనుము తగ్గితే నష్టం రక్తానికే కాదు. మెదడుకు ప్రాణవాయువు అందాలన్నా, శ్రద్ధకు అవసరమైన డోపమిన్ తయారవ్వాలన్నా ఇనుము కావాలి. 1996లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, రక్తహీనత దాకా రాకపోయినా ఇనుము నిల్వలు తగ్గిన హైస్కూలు బాలికలకు 8 వారాలు ఐరన్ ఇస్తే, మాటలను నేర్చుకుని గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది. మేము టానిక్ సీసాలో వెతికింది ఇదే కదా! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం అరకు మీదుగా రైళ్లలో మన పోర్టుకు దిగుతోంది. ఉక్కు నగరమని మన ఊరికి పేరు. మన ఒంట్లో మాత్రం ఇనుము లేదు.

మనం ఏం చేయాలి?

టీ మానేయనక్కరలేదు. భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీ తాగవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఉంది. ఐరన్ మాత్రను టీతో గాని పాలతో గాని ఎప్పుడూ వేసుకోవద్దు. మంచినీళ్లతో గాని నిమ్మరసంతో గాని వేసుకోండి. నిమ్మ, జామ, ఉసిరిలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

చోళ్లలో కూడా వగరు ఉంది కాబట్టి వాటిని నానబెట్టి మొలకెత్తించి పిండి చేసుకుంటే, లేదా మన అమ్మమ్మలు చేసినట్టు అంబలిని రాత్రంతా పులియబెడితే అందులోని ఇనుము మనకు ఎక్కువగా అందుతుంది. పప్పులో వచ్చిన ఆకుకూరను, చారులోని కరివేపాకును కంచం పక్కన పెట్టేయకండి. వేరుశనగ గుళ్లను పొట్టుతోనే తినండి. వేసవి చివర నేరేడు పళ్ల బండి కనబడితే ఐస్‌క్రీము డబ్బుల్లో కొన్ని అటు పెట్టండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఉంది గాని, ఈ విషయంలో మనకు పనికొచ్చేది పెరటి చెట్టే.

చివరగా ఒక మాట. మా స్నేహితురాలు ఆ రోజుల్లో పుస్తకం ముందు కూర్చుంటే చాలు కునికిపాట్లు పడేది. బద్ధకమని మేమంతా ఎగతాళి చేశాం. ఆ ఏడాది ఆమె లెక్కల్లో తప్పింది. మాత్ర వేసుకునే పద్ధతి మారాక, కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. సప్లిమెంటరీలో పాసైంది, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. టీ వల్లే తప్పిందని మేము అనలేం. కాని ఆమెది బద్ధకం కాదని మాత్రం ఇప్పుడు చెప్పగలం.

కాబట్టి చెల్లెళ్లూ, మీ గదిలో ఎవరైనా ఎప్పుడూ నీరసంగా, నిద్రమత్తుగా ఉంటే నవ్వకండి. వార్డెన్ మేడమ్‌కు చెప్పి ముందు రక్తపరీక్ష చేయించండి. టానిక్ సీసాకు డబ్బులు పోగుచేయడం కన్నా ఆ పని తేలిక, ఖర్చూ లేదు.