జుట్టు మాత్రలు వేసుకుంటే హెచ్ఐవీ టెస్ట్ తప్పు చూపిస్తుందా?

హెచ్ఐవీ టెస్ట్‌కు వెళ్లే ముందు చాలామందికి వచ్చే డౌట్ ఇది. జ్వరం మాత్రలు, యాంటీబయోటిక్స్, బీపీ, షుగర్ మందులు, విటమిన్ సి.. ఇవి వాడుతున్నా రిజల్ట్ మారదు. ఎందుకంటే టెస్ట్ వెతికేది వైరస్‌పై శరీరం తయారుచేసే యాంటీబాడీలను. కొన్ని టెస్టులు వైరస్‌లోని పీ24 ప్రోటీన్‌ను కూడా పట్టేస్తాయి.

జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ సంగతి కాస్త వేరు. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. కానీ కొన్ని మాత్రల్లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 300 రెట్లకు పైనే! ల్యాబ్ మెషీన్లపై చేసే కొన్ని టెస్టుల్లో బయోటిన్‌నే వాడతారు. రక్తంలో అది ఎక్కువైతే రీడింగ్ తేడా కొట్టొచ్చు. ల్యాబ్ టెస్టులపై బయోటిన్ ప్రభావం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. కాబట్టి శాంపిల్ ఇచ్చే ముందే ల్యాబ్‌లో చెప్పేయాలి.

హెచ్ఐవీ రాకుండా వాడే ప్రెప్, పెప్ మందులతో మరింత జాగ్రత్త అవసరం. ఇవి వాడుతుండగా ఇన్ఫెక్షన్ సోకితే యాంటీబాడీలు ఆలస్యంగా వస్తాయి. దాంతో నెగెటివ్ చూపించే ఛాన్స్ ఉంది. అలాగని టెస్ట్ కోసం మందు ఆపేయొద్దు. డాక్టర్‌కు చెబితే మళ్లీ ఎప్పుడు చేయించాలో సూచిస్తారు.

నిజానికి మందుల కంటే తొందరపాటే ఎక్కువ మోసం చేస్తుంది. వేలి నుంచి తీసిన రక్తంతో చేసే ర్యాపిడ్ టెస్టులో హెచ్ఐవీ బయటపడటానికి 90 రోజుల వరకు పట్టొచ్చు. వారానికే వచ్చిన నెగెటివ్‌ను నమ్ముకోలేం. ప్రభుత్వ ఐసీటీసీ సెంటర్లలో టెస్ట్ ఉచితం, వివరాలు బయటకు చెప్పరు. డౌట్ ఉంటే టోల్‌ఫ్రీ నంబర్ 1097కు కాల్ చేయొచ్చు.