బెండు చెప్పే కబుర్లు

ఆదివారం పూర్తిగా తెల్లవారకముందే హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో చెరువుకట్టల మీద బైకులు ఆగుతుంటాయి. భుజాన గాలం కర్ర, డబ్బాలో మట్టితో పాటు ఎర్రలు, ఫ్లాస్కులో టీ. వచ్చేవాళ్లలో ఆటో డ్రైవర్లుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, సెలవులకు ఇంటికొచ్చిన కుర్రాళ్లుంటారు. వల వేసేవాడికి చేప బతుకుతెరువు. గాలం వేసేవాడికి అది ఆటవిడుపు. మధ్యాహ్నం దాకా కూర్చుని ఉత్త చేతులతో ఇంటికెళ్లినా వచ్చే ఆదివారం మళ్లీ తయారవుతాడు.

సరంజామాకు పెద్దగా ఖర్చుండదు. వెదురు కర్ర, నైలాన్ దారం, కొక్కెం, దానికి కాస్త పైన సీసం గుండు, నీటి మీద తేలడానికి బెండు. ఒకప్పుడు జీలుగు బెండు ముక్కో, నెమలీక కాడో కట్టేవారు. ఇప్పుడు థర్మోకోల్, ప్లాస్టిక్ వచ్చాయి. రీలున్న రాడ్డుతో దూరానికి విసరొచ్చు. అయినా తూటికాడ అంచున పొంచి ఉన్న చేపకు వెదురు కర్రే మేలని వాదించే పాతకాపులకు కొదవ లేదు.

అసలు విద్యంతా బెండును చూడటంలోనే ఉంది. అది సన్నగా వణుకుతుంటే కింద పరకలు ఎరను కొరుకుతున్నాయన్నమాట. కాసేపటికి కొక్కెం ఖాళీ. జెల్ల అయితే ఎరను గుటుక్కున మింగి పక్కకు లాక్కుపోతుంది. బంగారుతీగ తీరు వేరు. అడుగున పడి ఉన్న ఎరను నోట కరిచి తల పైకెత్తుతుంది. దాంతో సీసం బరువు తగ్గి, మునగాల్సిన బెండు కాస్తా పైకి లేచి నీటి మీద అడ్డంగా పడిపోతుంది. మునిగితేనే చేప పడినట్టనుకునే కొత్తవాళ్లు అక్కడే మోసపోతారు. తెలిసినవాళ్లు సరిగ్గా అప్పుడే కర్ర లాగుతారు.

గాలం ఎంత లోతుకు దించాలన్నది చేపను బట్టి ఉంటుంది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, దాని నోరు కూడా పైకే తెరుచుకుంటుంది. రవ్వ నడిమి నీళ్లలో, మోసు అడుగున తిరుగుతాయి. తవుడు, పల్లిచెక్క పొడి, గోధుమపిండి కలిపి ముద్ద చేసి, ముందుగా నాలుగు ఉండలు నీళ్లలోకి విసిరి చేపలను అలవాటు చేస్తారు. ఈ ముద్దలో ఇంకేం కలుపుతారన్నది మాత్రం ఎవరూ పక్కవాడికి చెప్పరు.

అందరి కన్నూ కొరమీను మీదే. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మృగశిర కార్తె వేళ హైదరాబాద్‌లో ఉబ్బసం రోగుల నోట్లో వేసే చేపపిల్లా ఇదే. మొప్పలతో పాటు నేరుగా గాలిని కూడా పీల్చుకోగలదు కాబట్టి నీళ్లు ఇంకిన బురదలోనూ కొన్నాళ్లు బతుకుతుంది. ఊపిరి కోసం పైకి వచ్చి గుబుక్కున మునిగిన చోటే గాలగాడు కప్పపిల్లనో, రబ్బరు కప్పనో వేస్తాడు.

వానాకాలంలో కొరమీను గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి మీద కదులుతుంటే పెద్ద చేపలు కిందే కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద ఏది పడినా పిల్లలకు ముప్పనుకుని విరుచుకుపడతాయి. కొందరు సరిగ్గా అక్కడే కప్పను వేసి లాగుతారు. కాపలా పోయిన పిల్లలు మిగతా చేపల పాలవుతాయి. అందులో నేర్పు లేదు, ఆట అంతకన్నా లేదు.

ఇక అసలు సంగతి. చెరువు ఊరిది, నీళ్లు రైతులవి, చేపలు చాలాచోట్ల మత్స్య సహకార సంఘానివి. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలించడం మొదలుపెట్టింది. ఎండాకాలంలో ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, నిండుగా ఉండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్లవి. వానలకు వదిలిన పిల్ల వేసవికి పట్టుబడికి వస్తుంది. గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలు ఆ రోజు కోసమే ఎదురుచూస్తాయి. కాబట్టి గాలానికి పడే బొచ్చె ఊరికే పుట్టిన చేప కాదు. కొన్ని సంఘాలు గాలానికి రోజుకు ఇంతని తీసుకుని అనుమతిస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. రెండూ న్యాయమే.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో ఇదంతా కాగితం మీద ఉంటుంది. 17 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు కొనాలి. ఊరి పరిధిలోనో, పబ్లిక్ పార్కులోనో ఉన్న 75 ఎకరాల లోపు చెరువుల్లో మనిషికి రెండు గాలాలే. మన దగ్గర అంత పద్ధతి లేకపోయినా చట్టం లేకపోలేదు. చేపల కోసం నీళ్లలో మందు కలపడం, పేలుడు పదార్థాలు వేయడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే మళ్లీ నీళ్లలో వదలకూడదు, దొరికిన చేపపిల్లనల్లా అది మింగేస్తుంది. మురుగు కలిసే నగరపు చెరువుల్లో పట్టిన చేపను మాత్రం కూరకు తీసుకెళ్లకపోవడమే మంచిది.

తెగిన నైలాన్ దారాన్ని గట్టున వదిలేస్తే కొంగల కాళ్లకు, నీటికాకుల రెక్కలకు చుట్టుకుంటుంది. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి. పూడిక తీసిన చెరువుల్లో మోకాటి లోతు పక్కనే నిలువెత్తు గుంత ఉండొచ్చు, కొక్కెం చిక్కుకుంటే దారం తెంపుకోండి తప్ప నీళ్లలోకి దిగకండి. గాలం విప్పేముందు కట్ట మీద కనిపించిన మత్స్యకారుడిని ఒక మాట అడగండి. అనుమతితో పాటు ఎక్కడ లోతుందో, ఏ మూలన చేప మేస్తోందో కూడా ఆయనే చెబుతాడు.