వరుసగా ఆడు ఆటలు: కోలాటమును గూర్చి కొన్ని మాటలు

నృత్యమును స్థూలముగా రెండు విధములుగా విభజింపవచ్చును. ఒకరో ఇద్దరో ఆడగా తక్కినవారు కూర్చుండి చూచునది మొదటిది. పదిమంది చేరి ఒకే లయకు ఒకే అడుగు వేయునది రెండవది. మొదటిదానికి రంగస్థలము, గురువు, ఏండ్ల తరబడి అభ్యాసము కావలెను. రెండవదానికి కావలసినది చదునైన నేల, పక్కవాని అడుగును కనిపెట్టు చూపు. మన తెలంగాణములో బతుకమ్మ చుట్టు చప్పట్లు చరచుచు తిరుగు స్త్రీలును, అరకులోయలో ఒకరి వీపు వెనుక నుండి ఒకరు చేతులు పెనవేసికొని ధింసా ఆడు గిరిజన స్త్రీలును, జహీరాబాదు చుట్టుపట్ల తండాలలో తీజ్ పండుగనాడు వలయముగా నిలిచి పాడు లంబాడీ కన్యలును ఈ రెండవ కోవకు చెందినవారే. వీరెవ్వరును తాము నర్తకులమని చెప్పుకొనరు. బహుశః అందుచేతనే కాబోలు, మన కళాచరిత్రలు మొదటి విధమునకు పుటలకు పుటలు కేటాయించి, రెండవదానిని ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టుచుండును. ఈ పద్ధతి మాకెన్నడును నచ్చలేదు.

ఈ రెండవ విధములో లెక్కకును, కూర్పునకును పేరుపొందినది కోలాటము. దానిని పుస్తకములలో చదువుట వేరు, కోలలు చేతబట్టుట వేరు. గడచిన విద్యాసంవత్సరములో ఒక శని ఆదివారములలో జహీరాబాదులోని ఒక పాఠశాల ఆవరణలో వరుస నృత్యముల శిక్షణ జరిగినది. మా కళాశాల నుండి 16 మంది అబ్బాయిలు, 14 మంది అమ్మాయిలు అందులో పాల్గొనిరి. అబ్బాయిలది ఒక వలయము, అమ్మాయిలది వేరొక వలయము. వారి వెంట పోయిన మేమును కోలలు పట్టితిమి. అక్కడ గ్రహించిన విషయములను, వానికి సంబంధించిన కొంత చరిత్రను విద్యార్థుల కొరకు ఇచట వివరింపదలచినాము.

కోలాటములో ప్రతివారి చేతిలోను ఇంచుమించు మూరెడు పొడవు గల కోలలు రెండుండును. ఆడువారు సరిసంఖ్యలో ఉండవలెను. ఏలయన ప్రతివారికిని ఎదుట ఒక జోడు కావలెను. సగము మంది లోపలి వలయముగను, సగము మంది వెలుపలి వలయముగను ఎదురెదురుగా నిలుతురు. మాకు మొదట నేర్పినది నాలుగు లెక్కల ఆట. మొదటి లెక్కకు తన కోలలను తానే తట్టుకొనవలెను. రెండవ లెక్కకు ఎదుటివాని కుడికోలను తన కుడికోలతో తట్టవలెను. మూడవ లెక్కకు మరల తనవే. నాల్గవ లెక్కకు ఎడమకోలతో ఎడమకోలను. ఇంతవరకు చిన్న పిల్లలు సైతము పావుగంటలో నేర్తురు. కష్టమంతయు ఆ తరువాత, కాళ్లు కదలుటతో ఆరంభమగును. అడుగుల కూర్పులోని ఒక్కొక్క తీరునకు ‘కోపు’ అని పేరు. ఒక కోపు నుండి మరియొక కోపునకు తడబడక మారుటలోనే ఆటగాండ్ర నేర్పు తెలియును.

ఇక్కడ గణితశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించు సంగతి ఒకటి కలదు. ఎదురెదురుగా నిలిచినవారు ఒక్కొక్క పాదము ముగియగానే తమ తమ కుడివైపునకు ఒక్కొక్క స్థానము జరుగుదురనుకొనుడు. ఇరువురి కుడివైపులును వేరు గనుక వలయములు రెండును వ్యతిరేక దిశలలో తిరుగును. ప్రతివారికిని ఒక జోడు తప్పి మరియొక జోడు ఎదురగును. అబ్బాయిల వలయములో ఎనిమిది జతలుండుటచే నాలుగు మార్పులలోనే మొదటి జోడు మరల ఎదురు వచ్చినది. అనగా ప్రతివానికి నలుగురే ఎదురైరి. మిగిలిన నలుగురు ఎంతసేపు ఆడినను ఎదురుకారు. అమ్మాయిల వలయములో జతలు ఏడు. ఏడు బేసిసంఖ్య యగుటచే అక్కడ ప్రతి అమ్మాయికిని ఏడుగురు జోడులును వరుసగా తటస్థపడి, సరిగా ఏడవ మార్పునకు అందరును తమ తొలిస్థానమునకు, తొలిజోడునకు చేరుకొనిరి. శిక్షణనిచ్చిన పెద్దాయనకు ఈ లెక్క కాగితముపై తెలియదు. అయినను ఆయన అబ్బాయిల వలయమును చూచినంతనే “ఇద్దరు తగ్గుండ్రి, లేకుంటే ఇంకిద్దర్ని తెండ్రి” అని చెప్పియుండెను. అపుడు ఆ మాట ఎవరికిని అర్థము కాలేదు.

కోలాటములలో చూడముచ్చటైనది జడకోలాటము. పైన ఒకచోట కట్టిన రంగురంగుల తాళ్ల కొనలను ఆటగాండ్రు తలా ఒకటి పట్టుకొందురు. సగము మంది ఒక దిక్కునకు, సగము మంది ఎదురు దిక్కునకు సాగుచు, ఒకరికి వెలుపలగా, తరువాతివారికి లోపలగా దాటుకొని పోదురు. పైన తాళ్లు జడవలె అల్లుకొనును. పిదప అదే అడుగులను వెనుకకు వేసినచో అల్లిన జడ విడిపోవును. అల్లుటలో ఒక్కరు లోపల పోవలసినచోట వెలుపల పోయినను అప్పటికప్పుడు ఏమియు తెలియదు, విప్పునపుడు ముడిపడును. రెండవనాటి ఉదయము మూడుమారులు ముడిపడినది. ప్రతిసారియు పెద్దాయన చల్లగా ముడి విప్పి, ఎవరి తప్పో అడుగకయే మొదటినుండి ఆడించెను.

కోలలతో ఆడు బృందనృత్యము మన దేశములో ప్రాచీనమైనది. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప 1253–54 ప్రాంతమున సంస్కృతములో రచించిన నృత్తరత్నావళిలో, మార్గ నృత్యములతోపాటు నాటి దేశీ నృత్యములను కూడ వివరించెను. వానిలో దండరాసకము ఒకటి. దండమనగా కోల. ఏడువందల యేండ్లకు పూర్వమే ఒక సేనాని ప్రజల ఆటను శాస్త్రగ్రంథములో చేర్చదగినదిగా భావించుట గమనింపదగిన విషయము. నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవమును పునరుద్ధరించినపుడు ఈ గ్రంథమును, రామప్ప దేవాలయ శిల్పములను ఆధారముగా గైకొనిరి. వ్రాసిపెట్టినదానికి గల విలువ అట్టిది.

శిక్షణలో రెండవ భాగము మాకు పూర్తిగా క్రొత్త. హైదరాబాదు నుండి వచ్చిన ఒక శిక్షకురాలు అమెరికాలో ‘లైన్ డాన్స్’ అని పిలుచు వరుస నృత్యమును నేర్పినది. అందులో జోడులు లేవు. అందరును వరుసలుగా ఒకే దిక్కునకు తిరిగి నిలిచి, ఒకే అడుగులను వేయుదురు. ఒకరి నొకరు తాకవలసిన పనియు లేదు. 1976లో కూర్చబడిన ‘ఎలక్ట్రిక్ స్లైడ్’ వంటి ఆటలతోను, విశేషించి 1992లో ‘ఏకీ బ్రేకీ హార్ట్’ అను పాటతోను ఇది అనేక దేశములకు వ్యాపించినది. అడుగులు చాలవరకు సామాన్యమైనవే. కుడికాలు పక్కకు, ఎడమకాలు దాని వెనుకగా, మరల కుడికాలు పక్కకు, ఎడమకాలు వచ్చి తాకుట. దీనిని ద్రాక్షతీగ అను అర్థమునిచ్చు ‘గ్రేప్‌వైన్’ అను పేరుతో పిలుతురు. ఇట్టి అడుగులు కూర్చి తరచుగా 32 లెక్కల ఆటగా చేయుదురు. ఆట ముగియు నప్పటికి ఆటగాడు పావు వంతు తిరిగి వేరొక గోడకు అభిముఖుడగును. నాలుగు మారులు ఆడినగాని మొదటి గోడ ఎదుటికి రాడు.

ఈ మలుపులో ఒక చమత్కారము కలదు. అడుగులు రానివారు సహజముగా చివరి వరుసలో నిలిచి ముందువారిని చూచి అనుకరింతురు. రెండుమారులు తిరుగునప్పటికి ఆ చివరి వరుసయే మొదటి వరుస యగును. చూచి వేయుటకు ముందెవ్వరును ఉండరు! మా విద్యార్థులలో చిట్టచివర నిలిచిన నలుగురి ముఖములు ఆ క్షణమున చూడవలసినవే. వలయముగా ఆడు మన ఆటలలో ముందు వెనుకలు లేనేలేవు గనుక ఈ చిక్కు రాదు.

లెక్క పెట్టుటలో వచ్చిన చిక్కు ఇంకను వినోదకరము. ఆ ఆట లెక్క ఎనిమిది వరకు సాగును. జహీరాబాదు కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు; తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ ఒక్క బజారులోనే వినవచ్చును. విద్యార్థులు ఎవరి భాషలో వారు లోలోపల లెక్కించుకొనసాగిరి. తెలుగులో లెక్కించినవారు ‘ఎనిమిది’ దగ్గర వెనుకబడిరి. ఒక్క దెబ్బకు నాలుగు అక్షరములు ఇముడవలెను గదా! ఉర్దూవారికి ‘ఆఠ్’ అని ఒక్క ఊదుతో సరిపోయెను. తెలుగు అధ్యాపకులమైనను న్యాయము చెప్పక తప్పదు: ఆ పూట ఉర్దూ గెలిచినది. తుదకు శిక్షకురాలు అంకెలు మాన్పించి ‘త క ధి మి’ అని చెప్పగా అందరి పాదములును ఒక్కటైనవి.

అమెరికా పద్ధతిలో మమ్ము ఆకర్షించినది అడుగులు కాదు, కాగితము. ప్రతి ఆటకును ఒక పత్రముండును. ఆట పేరు, కూర్చినవారి పేరు, ఎన్ని లెక్కలు, ఎన్ని గోడలు, ఏ పాట, ఏ లెక్కకు ఏ కాలు ఎటు అను సంగతులన్నియు అందులో వ్రాయబడియుండును. అది చేతనున్నచో ఏ దేశమువాడైనను ఆ ఆటను ఆడగలడు. మన కోలాటమునకు అట్టి పత్రము లేదు. అది పాడి ఆడించువాని గొంతులో ఉన్నది.

ఈ మాటను కొంత వివరింపవలెను. కోలాటములో నాయకుడు పాట నెత్తుకొనును. తక్కినవారు అందుకొని పాడుచు ఆడుదురు. ఇప్పుడు ఊరూర కోలాట బృందములు పెరిగినవి; ఉత్సవములలో, ఊరేగింపులలో చక్కగా ఆడుచున్నారు. అది సంతోషకరమే. కాని పెక్కు చోట్ల పాట సెల్‌ఫోను నుండి మైకులోనికి పోవుచున్నది. మా శిక్షణలో కూడ మొదట అట్లే ఏర్పాటు చేసిరి. పెద్దాయన కొంతసేపు చూచి మైకు ఆపుమని, “డబ్బల పాటకు మీ కాళ్లు కనబడయి బిడ్డా, నాకు కనబడ్తయి” అనెను.

ఆయన గొంతెత్తి పాడిన తరువాత ఆ మాటలోని అర్థము విశదమైనది. లోపలి వలయము తడబడినచో ఆయన పల్లవిని మరల మరల పాడి, అడుగు కుదురుకొనువరకు కొత్త కోపు రానీయడు. కుదిరిన పిదప వేగము పెంచును. ఎవరైన అలసినట్లు తోచిన పాదమును సాగదీయును. కోపు మారుటకు ముందు ఒక చిన్న కేక. ఆ కేక ఎప్పుడు వచ్చునో ఆటగాండ్రకు తెలియదు గనుక అందరి చెవులును ఆయన వైపే ఉండును. రికార్డు పాట నాలుగైదు నిమిషములలో ముగియును. దాని నడక మారదు, ఎవరి కొరకును ఆగదు. దానికి నాలుగు కోపులు వచ్చిన చాలును. కనుక నాలుగే నేర్పుదురు, నాలుగే నేర్తురు. తక్కిన కోపులను ఎవ్వరును నిషేధింపలేదు. వానికి పని లేకుండ పోయినది, అంతే. తన పడుచుతనమున తెల్లవారువరకు ఆడెడివారమనియు, ఇప్పుడు తన ఊరిలో కోలలు పట్టువారున్నను పాట నెత్తువారు లేరనియు ఆయన చెప్పెను.

జహీరాబాదు మండలములలో పాటను కాపాడు యత్నములు లేకపోలేదు. 2008లో మాచునూరులో ప్రారంభమైన సంఘం రేడియో పల్లె స్త్రీల పాటలను వారి గొంతులతోనే ప్రసారము చేసినది. దానిని నెలకొల్పిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడపిన పాత పంటల జాతరలలో విత్తనముల ఎడ్లబండ్లు ఊరూర తిరుగగా, వాని ముందు స్త్రీలు పాడుచు ఆడుచు సాగిరి. కాని రేడియోలో పాట వినబడునుగాని అడుగు వినబడదు.

మన కళాశాలలో ఇట్టి ఆటకు చోటేమిటని కమిటీ పెద్దలలో ఒకరు మమ్ము అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. అబ్బాయిలు, అమ్మాయిలు వేరువేరు వలయములలో, తమ నిత్య దుస్తులలోనే ఆడిరి. దుపట్టా కాని, బురఖా కాని ఎవరికిని అడ్డు కాలేదు. పాటల విషయములో మాత్రము జాగ్రత్త అవసరము. కోలాటపు పాటలలో భక్తిగీతములు హెచ్చు. కాని పంటల పాటలు, హాస్యపు పాటలు కూడ కలవు. ఏవి పాడవలెనో విద్యార్థులే ఎన్నుకొనిరి. మరియు వలయపు అడుగు మన పల్లెలలోని ముస్లిములకు తెలియనిది కాదు. పీర్ల పండుగలో అలావా గుండము చుట్టు ‘అసోయిదూలా’ అనుచు హిందువులును, ముస్లిములును కలిసి తిరుగుట తెలంగాణములో అందరెరిగినదే. మొహర్రము శోకమాసము గనుక దానిని వినోద నృత్యములలో చేర్చుట మర్యాద కాదు. ఆ ఆచారమునే ఒప్పని పండితులును మనలో కలరు. ఆ చర్చ జోలికి మేము పోము. ఒకరి అడుగును చూచి ఒకరు అడుగు వేయుట ఇక్కడివారందరికిని పుట్టినూరి విద్య యని చెప్పుటయే మా ఉద్దేశము.

ఆదివారము సాయంకాలము మా విద్యార్థులు ఆ అమెరికా పత్రముల మాదిరిగా కోలాటపు కోపులను వ్రాయుటకు పూనుకొనిరి. లోపలి వలయమునకు ఒక గడి, వెలుపలి వలయమునకు ఒక గడి, నడుమ లెక్క. పెద్దాయన పాడుచుండ, నలుగురు ఆడుచుండ, ఇద్దరు వ్రాసికొనిరి. చీకటిపడునప్పటికి పదకొండు కోపులు నోటుబుక్కులోనికి ఎక్కినవి. ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు అవే పదకొండింటిని ఉర్దూ లిపిలో కూడ ఎత్తి వ్రాసెను. కేక ఎప్పుడు వేయవలెనన్న గడిని మాత్రము ఎట్లు నింపవలెనో తోచక ఖాళీగా విడిచినాము. ఆ గడిని చూపి అడుగగా పెద్దాయన నవ్వి, ఆడువారి కాళ్లను చూచి వేయవలెనని చెప్పెను.

ఆయనకు వచ్చిన కోపులు ఇంకను ఎన్నో కలవట. ఎన్ని యనగా లెక్క చెప్పలేదు. పాట వచ్చిననే అవి గుర్తువచ్చునట. చెరకు నరుకుట ముగిసిన పిదప ఒక ఆదివారము ఊరికి రమ్మన్నాడు. నోటుబుక్కు ప్రస్తుతము తెలుగు విభాగపు బీరువాలో ఉన్నది. వ్రాయగలవారు, పాడుటకు గొంతు గలవారు తమ పేర్లను విభాగములో ఇవ్వవచ్చును. జతలు ఏడుండునట్లు చూచుకొందము.